ఆ చీటీ అడిగి రాయించుకోండి

ఏ కంపెనీకి ఎప్పుడు అప్లై చేశారో, ఎక్కడ రెజ్యూమే దగ్గరే ఆగిపోయిందో, ఎక్కడ టెక్నికల్ రౌండ్ దాటాక కూడా కబురు రాలేదో మీ దగ్గర లెక్క ఉంటుంది. రెఫరల్ అనగానే మీకు గుర్తొచ్చేది కూడా ఉద్యోగమే. ఫలానా కంపెనీలో పనిచేసే సీనియర్‌ను వెతికి పట్టుకుని, మొహమాటం పక్కనపెట్టి, ‘అన్నా, ఒక్క రెఫరల్ ఇవ్వవా’ అని మెసేజ్ పెడతారు. ఇవాళ మాట్లాడుకోబోయేది ఇంకో రెఫరల్ గురించి. దాన్ని రాసేది మీ బస్తీలోని ప్రభుత్వ దవాఖానాలో కూర్చునే ఎంబీబీఎస్ డాక్టర్. అది మిమ్మల్ని తీసుకెళ్లేది సైకాలజిస్ట్ దగ్గరికి. దాన్ని అడగడానికి మాత్రం మనలో చాలామందికి నోరు రాదు.

నా బ్లాగు చదివి మెయిల్ రాసేవాళ్లు ఎక్కువగా కోర్సుల గురించే అడుగుతారు. పైథాన్ నేర్చుకోవాలా, జావానా, క్లౌడ్ సర్టిఫికెట్ తీసుకుంటే లాభం ఉందా అని. ఆ మెయిల్ చివర్లో, ‘ఇట్లు’ పైన, ఒక వాక్యం ఉంటుంది. ‘ఈ మధ్య రాత్రి నాలుగింటిదాకా నిద్ర పట్టట్లేదన్నా.’ ‘ఇంటర్వ్యూ కాల్ వస్తే ఫోన్ ఎత్తడానికి భయమేస్తోంది.’ ‘ఇంట్లో చుట్టాలొస్తే బయటికి వెళ్లిపోతున్నాను.’ అసలు ప్రశ్న అదే. పైన అడిగిన పైథాన్ దానికి ముసుగు.

ప్రైవేటుగా వెళ్దామంటే నగరంలో ఒక్క సెషన్ వెయ్యి రూపాయలకు తక్కువ దొరకడం కష్టం. ఒక్కసారితో అయ్యే పనీ కాదది. వారానికొకటి చొప్పున ఆరు, ఎనిమిది సెషన్లు కూర్చోవాలి. ఉద్యోగం లేనివాడు ఆ డబ్బు ఇంట్లో అడగలేడు. ఎందుకని అడుగుతారు కాబట్టి అసలే అడగలేడు. అందుకని ‘ఉద్యోగం వచ్చాక చూసుకుందాంలే’ అనుకుంటాడు. నాలుగు గంటలు కూడా నిద్రలేని మనిషి పొద్దున పది గంటల ఇంటర్వ్యూలో ఎలా కూర్చుంటాడు? ఉద్యోగం రాక నిద్ర పట్టదు, నిద్ర పట్టక ఉద్యోగం రాదు. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపడానికి ప్రభుత్వ ఖర్చుతో నడిచే దారి ఒకటుంది. దానికి బోర్డు లేదు, ప్రకటన లేదు. అడిగినవాడికే కనిపిస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది.

అక్కడ పథకం, ఇక్కడ చట్టం

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో మీ కజిన్ ఉంటే అక్కడి పద్ధతి వినే ఉంటారు. ఆస్ట్రేలియాలో 2006 నవంబర్ నుంచి ‘బెటర్ యాక్సెస్’ అనే ఏర్పాటు నడుస్తోంది. మామూలు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే మాట్లాడి, మానసిక ఆరోగ్యానికి ఒక చికిత్సా ప్రణాళిక రాసి, రెఫరల్ ఇస్తాడు. దాంతో సైకాలజిస్ట్ దగ్గర ఏడాదికి పది సెషన్ల వరకు ఖర్చులో కొంత మెడికేర్ భరిస్తుంది. ఇంగ్లండ్‌లో అయితే ‘ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్’ అనే సేవకు డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు, ఎవరికి వారే పేరు నమోదు చేసుకోవచ్చు. (ఎమ్మెస్‌కు ఆస్ట్రేలియా వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన దేశం నుంచి విద్యార్థి వీసాపై వెళ్లినవాళ్లకు మెడికేర్ వర్తించదు. వీసా కోసం తప్పనిసరిగా కొనే విద్యార్థి హెల్త్ పాలసీలో సైకాలజిస్ట్ ఫీజుకు ఏముందో ఎక్కేముందే చదువుకోండి.)

మనకు ‘ఏడాదికి ఇన్ని సెషన్లు’ అని రాసిన పథకం లేదు. అందుకే ఇక్కడ ఏమీ లేదనుకుంటాం. కానీ మన దగ్గర అంతకంటే పెద్ద మాట చట్టంలో ఉంది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 18వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ఆ వైద్యం అందుబాటు ధరలో, మంచి నాణ్యతతో, సరిపడినంతగా, దగ్గర్లో ఉండాలని కూడా అందులోనే ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్య మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నాటిది. దాన్ని జిల్లాలకు తీసుకెళ్లడానికి 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టారు. మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అంటే మీరు పుట్టకముందే ఈ దారికి మన పక్కనే ముగ్గు పోశారు. ఇల్లు ఎంతవరకు లేచిందన్నది వేరే కథ. దానికి తర్వాత వద్దాం.

కాప్రా నుంచి ఎలా వెళ్లాలి

మీరు కాప్రాలోనో, కుషాయిగూడలోనో, ఏఎస్ రావు నగర్ వెనక వీధుల్లోనో ఉంటున్నారనుకుందాం. మొదటి మెట్టు మీకు దగ్గర్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లేదంటే బస్తీ దవాఖానా. జ్వరాలకూ టీకాలకూ మాత్రమే అవి ఉన్నాయనుకోవడం పొరపాటు. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పిలుస్తున్న ప్రాథమిక కేంద్రాలు ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో మానసిక సమస్యల గుర్తింపు, ప్రాథమిక చికిత్స కూడా ఉన్నాయి. ప్రభుత్వ వైద్యాధికారులందరికీ ఇందులో కనీస శిక్షణ ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

అక్కడి డాక్టర్ రెండు పనులు చేయగలరు. ఒకటి, శరీరం వైపు నుంచి చూడటం. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా నీరసం, నిద్రలేమి, చిరాకు వస్తాయి. నమూనా అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్ష చేయించే ఏర్పాటు ఉంది. రెండోది, చీటీ. మీకు ఏముందో, ఎప్పటినుంచి ఉందో, ఏ పరీక్షలు అయ్యాయో రెండు మూడు వాక్యాల్లో రాసి పెద్దాస్పత్రి సైకియాట్రీ విభాగానికి పంపడం.

చీటీ లేకపోతే పెద్దాస్పత్రిలో రానివ్వరా అంటే, రానిస్తారు. గాంధీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సెక్కితే అక్కడినుంచి దగ్గరే, ఆ పేరుతోనే మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. ఎక్కడికైనా నేరుగా వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవచ్చు. మరి దవాఖానా డాక్టర్ చీటీ ఎందుకు? ఓపీలో జనం ఎలా ఉంటారో మీకు తెలుసు. మీ వంతు వచ్చేసరికి అలసిపోయి ఉంటారు, చెప్పాలనుకున్నది సగం మర్చిపోతారు. చీటీ ఉంటే ఎదురుగా ఉన్న డాక్టర్ మొదటి నిమిషంలోనే విషయంలోకి వస్తారు. పరీక్షల కోసం మళ్లీ తిప్పరు. ఇంకోటి, వెనక్కి వచ్చినప్పుడు మీ బస్తీలో మిమ్మల్ని ఎరిగిన డాక్టర్ ఒకరు ఉంటారు. మందులు వాడుతుంటే ఇది చాలా పెద్ద ఊరట.

పెద్దాస్పత్రిలో మామూలుగా ముందు చూసేది సైకియాట్రిస్ట్. అంటే ఎండీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. సైకాలజిస్ట్ మందులు రాయరు. మాటలతో, పద్ధతి ప్రకారం చేసే అభ్యాసాలతో పనిచేస్తారు. మీకు కావాల్సింది సెషన్లయితే అక్కడే ఈ ఒక్క మాట అడగండి: ‘సార్, మందుతోపాటు క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి కూడా పంపగలరా?’ అడగకపోతే చాలాసార్లు మాత్రల చీటీతోనే బయటికొస్తారు. అది డాక్టర్ తప్పు అనలేం. బయట వందమంది నిలబడి ఉన్నారు, మీకేం కావాలో మీరు చెప్పలేదు.

డాక్టర్‌కు ఏం చెప్పాలి

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ధైర్యం చేసి దవాఖానాకు వెళ్తారు. కుర్చీలో కూర్చోగానే ‘తలనొప్పి సార్’ అంటారు. కడుపులో మంట అంటారు, ఆకలి లేదంటారు. అవన్నీ నిజమే. కానీ డాక్టర్ గ్యాస్ మాత్ర, బి కాంప్లెక్స్ రాసి పంపిస్తారు. ఆ చీటీ సైకాలజిస్ట్ దాకా పోదు, మెడికల్ షాపు దగ్గరే ఆగుతుంది.

మీరు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్దామనుకుంటున్నవాళ్లయితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ‘యాప్ పనిచేయట్లేదు’ అని రాస్తే డెవలపర్ ఏమీ చేయలేడు. ఎప్పటినుంచి, ఏ స్క్రీన్ మీద, ఎన్నిసార్లు, అప్పుడు ఏం జరిగింది అని రాస్తే గంటలో పట్టుకుంటాడు. మీ గురించి కూడా అలాగే ఒక కాగితం మీద ఐదు లైన్లు రాసుకుని వెళ్లండి. నిద్ర ఎన్ని గంటలు, ఎన్ని వారాలుగా? తిండి తగ్గిందా, పెరిగిందా? ఒకప్పుడు ఇష్టంగా చేసిన పని, క్రికెట్ కావచ్చు, పాటలు కావచ్చు, ఇప్పుడు చేస్తున్నారా? రోజువారీ ఏ పని ఆగిపోయింది? చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తోందా? ఆఖరి ప్రశ్నకు జవాబు అవునైతే దాన్నే ముందు చెప్పండి.

డాక్టర్లు రెండు వారాలను ఒక గీతగా చూస్తారు. రిజల్ట్ వచ్చిన రోజు బాధ, రిజెక్ట్ మెయిల్ వచ్చిన రాత్రి ఏడుపు, ఇవి జబ్బు కావు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు దాటి ఉంటే ఆగకూడదు. తెలుగులో నేరుగా ఇలా అనండి: ‘సార్, రెండు నెలలుగా నా మనసు బాగుండట్లేదు. నిద్ర లేదు, చదవలేకపోతున్నా. నాకు సైకియాట్రీ విభాగానికి రాసిస్తారా?’ మూడు వాక్యాలు. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’కి మీరు సిద్ధం చేసుకున్న జవాబు కంటే చిన్నది.

కార్డు ఉన్న ఇళ్లు

కాప్రా చుట్టుపక్కల ఇళ్లలో చాలావాటికి ఇంకో దారి కూడా ఉంది. అమ్మానాన్నల కార్డు. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఈఎస్ఐ ఉంటుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. ఈఎస్ఐలో చీటీయే ప్రాణం. ముందు డిస్పెన్సరీ, అక్కడినుంచి ఈఎస్ఐ ఆస్పత్రి, అవసరమైతే ఇంకా పైకి. అత్యవసరమైతే తప్ప మెట్లు దాటి పోలేరు. మనకు నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది, సనత్‌నగర్‌లో వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. డిస్పెన్సరీ డాక్టర్‌ను అడగాల్సింది పైన చెప్పిన మూడు వాక్యాలే.

సైనిక్‌పురి వైపు మాజీ సైనికుల ఇళ్లకు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ ఉంది. పాలీక్లినిక్ డాక్టర్ రాస్తే ఆస్పత్రికి పంపుతారు. మౌలాలి రైల్వే కుటుంబాలకు ఉమీద్ కార్డు, లాలాగూడ రైల్వే ఆస్పత్రి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లకు సీజీహెచ్ఎస్ ఉంది. ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ ఉద్యోగులకు వాళ్ల సంస్థల వైద్య ఏర్పాట్లు ఉన్నాయి. ఇవి వేటికవే వేర్వేరు కార్యాలయాలు, వేర్వేరు నిబంధనలు. కానీ వీటిలో స్పెషలిస్ట్ దాకా వెళ్లే దారి సాధారణంగా మొదలయ్యేది ఒక మామూలు డాక్టర్ రాసే చీటీతోనే. ఇంట్లో ఏ కార్డు ఉందో ఈ రాత్రే అడగండి. ఎందుకని అడిగితే ‘ఇన్సూరెన్స్ ఫారంలో రాయాలి’ అన్నా సరిపోతుంది. కారణం చెప్పడానికి మీకు టైమ్ కావాలంటే తీసుకోండి.

మీకు మొదటి ఉద్యోగం వస్తే పే స్లిప్ చూసుకోండి. జీతం 20,000 అయితే ఈఎస్ఐ కింద మీ నుంచి 0.75 శాతం, అంటే 150 రూపాయలు కోస్తారు. యజమాని 3.25 శాతం, అంటే 650 కలుపుతాడు. మన పిల్లలు ఆ 150 చూసి చిరాకుపడతారే తప్ప అది దేనికో అడగరు. అది మీ వైద్యానికి. అందులో మనసు వైద్యమూ ఉంది.

ఎవరి లెక్కలోనూ లేని ఏడాది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసు అది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని చెబుతూ విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో రెఫరల్ ఒప్పందం చేసుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. మీరింకా కాలేజీలోనే ఉంటే, రేపే వెళ్లి మా కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో, ఏ రోజు అని అడిగే హక్కు మీకుంది.

మరి కాలేజీ అయిపోయినవాళ్లు? ఫైనల్ సెమిస్టర్ ముగిసిన రోజే కాలేజీ కౌన్సెలర్ మీకు దూరమవుతారు. నాన్న ఈఎస్ఐ కింద కొడుకైతే చదువుకుంటున్నంతకాలం, అదీ 21 ఏళ్లదాకానే. బీటెక్ పూర్తయ్యేది ఆ వయసులోనే. (పెళ్లికాని కూతురు తండ్రిపై ఆధారపడి ఉన్నంతకాలం ఆ పరిమితి లేదు.) ఈసీహెచ్ఎస్, సీజీహెచ్ఎస్‌లలో కొడుక్కి 25 ఏళ్లు. సొంత ఉద్యోగం లేదు కాబట్టి సొంత ఈఎస్ఐ లేదు, కంపెనీ ఇన్సూరెన్స్ లేదు. చదువుకీ ఉద్యోగానికీ మధ్యనున్న ఆ ఒకటి రెండు ఏళ్లు, మనసు అన్నిటికంటే ఎక్కువ నలిగే ఆ రోజులు, మీరు ఎవరి లెక్కలోనూ ఉండరు.

మరణాల లెక్కలో మాత్రం ఉంటారు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. పక్క వరుసలో నిరుద్యోగులు 15,783 మంది. నిన్నటిదాకా మొదటి వరుసలో ఉన్న మనిషి, డిగ్రీ చేతికి రాగానే రెండో వరుసలోకి మారతాడు. మొదటి వరుస కోసం కోర్టు తీర్పు ఉంది, కాలేజీలకు ఆదేశాలున్నాయి. రెండో వరుస కోసం ఏముంది?

ఉన్నది ఒక్కటే, మొదట చెప్పిన బస్తీ దవాఖానా చీటీ. దానికి కాలేజీ ఐడీ అక్కర్లేదు, నాన్న కార్డు అక్కర్లేదు, పే స్లిప్ అక్కర్లేదు. అందుకే దాన్ని పట్టుకుని ఇంతగా చెబుతున్నాను.

‘రికార్డులో పడితే ఉద్యోగం రాదేమో’

ఇది ప్రతి ఒక్కరి మనసులో ఉండే ప్రశ్న. చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక ఆరోగ్యానికి, చికిత్సకు సంబంధించిన సమాచారం గోప్యంగా ఉంచాలి. చట్టంలో చెప్పిన కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప డాక్టర్ దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చూసేది మామూలుగా మీ సర్టిఫికెట్లు, పాత ఉద్యోగం, చిరునామా, పోలీసు కేసులు. గాంధీ ఆస్పత్రి ఓపీ రిజిస్టర్ కాదు. కొన్ని ఉద్యోగాలకు, ముఖ్యంగా యూనిఫాం ఉద్యోగాలకు, మెడికల్ ఫారంలో పాత చికిత్సల గురించి అడుగుతారు. అడిగితే నిజమే రాయాలి. కానీ ఎప్పుడో రాయబోయే ఫారం కోసం ఇప్పుడు వైద్యం మానుకోవడం, లైసెన్స్ పరీక్ష ఉంది కదా అని కంటి అద్దాలు మానేసినట్టే.

ఇక రెండో భయం, ఎర్రగడ్డ. మన ఊళ్లో ఆ పేరే ఒక తిట్టు. క్లాసులో ఎవడైనా వింతగా మాట్లాడితే ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాల్రా’ అని మనమే నవ్వాం. ఆ నవ్వే ఇప్పుడు మన కాళ్లకు అడ్డం పడుతోంది. అక్కడి ఓపీ వరుసలో మీలాంటి డిగ్రీ విద్యార్థులు, చీర కొంగు సర్దుకుంటూ కూర్చున్న గృహిణులు, ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి వచ్చిన గుమాస్తాలు ఉంటారు. చూపించుకుని మందులు తీసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్తారు. ఆ పేరుకే మనసు ఒప్పకపోతే గాంధీకి వెళ్లండి, అక్కడ సైకియాట్రీ కూడా అన్ని విభాగాల్లాగా ఒకటి.

ప్రైవేటుగా ఎవరి దగ్గరికైనా వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడగండి, అడిగితే తప్పు పట్టరు. వారాంతపు కోర్సు చేసి ఇన్‌స్టాలో ‘మైండ్ కోచ్’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లకు డబ్బు పోయకండి.

చీటీ చివర మనిషి ఉండాలి

ఇంతసేపూ మిమ్మల్ని అడగమన్నాను. ఇప్పుడు ప్రభుత్వాన్ని అడగాల్సింది అడగాలి. నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వైద్యం అవసరమై కూడా అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. అంటే పదిమందిలో ఏడుగురికి తక్కువ కాకుండా దారి దగ్గరే ఆగిపోతున్నారు. ఆగడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో మాత్ర ఐదు నిమిషాల్లో రాయొచ్చు. సెషన్ అంటే ముప్పావుగంట ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా కూర్చోవాలి. సైకాలజిస్టులను నియమించకుండా సెషన్లు ఇవ్వడం ఎవరి వల్లా కాదు. జనాభాకు తగినంతమంది మానసిక వైద్య నిపుణులు ఉండేలా పదేళ్లలో చేరుకోవాలని 2017 చట్టం ప్రభుత్వాలకు గడువు పెట్టింది. ఆ పదేళ్లు 2028 మేతో నిండుతాయి.

అడగాల్సినవి పెద్ద ఖర్చు పనులేం కావు. నాలుగైదు పట్టణ ఆరోగ్య కేంద్రాలకు కలిపి ఒక క్లినికల్ సైకాలజిస్ట్, వారంలో ఒక్కో రోజు ఒక్కో కేంద్రంలో కూర్చోవాలి. కాప్రా పిల్లాడు కాప్రాలోనే చూపించుకోవాలి. రెఫరల్‌కు అచ్చు వేసిన ఒక ఫారం ఉండాలి, దాని మీద ఎన్ని సెషన్లకు పంపుతున్నారో రాయాలి. ఆస్ట్రేలియా నుంచి నేర్చుకోవాల్సింది ఆ అంకె విలువే. అంకె ఉంటే మనిషి అడుగుతాడు, లెక్క ఉంటే అధికారి జవాబు చెబుతాడు. ఇక కాలేజీలు, డిగ్రీ ఇచ్చాక కనీసం ఏడాదిపాటు పాత విద్యార్థులకు కౌన్సెలర్ తలుపు తెరిచి ఉంచాలి. ప్లేస్‌మెంట్ బ్రోచర్‌లో పాత విద్యార్థుల ఫొటోలు వేసుకోగలిగినప్పుడు, ఉద్యోగం రానివాళ్లకు అరగంట ఇవ్వలేరా? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్‌లో, జాబ్ మేళాల్లో ఒక మూల కౌన్సెలర్ బల్ల వేయడానికి ఎంతవుతుంది?

ఈ డిమాండ్‌కు బలం మీ చీటీల నుంచే వస్తుంది. ఎవరూ అడగని విభాగంలో పోస్టు మంజూరు కాదు. దవాఖానా రిజిస్టర్‌లో నెలకు వందమంది ‘నిద్ర లేదు, మనసు బాగాలేదు’ అని రాయించుకుంటే, ఆ కాగితం పైకి వెళ్తుంది. కడుపు మంట అని రాయించుకుంటే గ్యాస్ మాత్రల ఇండెంట్ పెరుగుతుంది, అంతే.

చీటీ కోసం ఆగకూడని రోజు

ఒక్క విషయంలో మాత్రం ఈ మెట్లన్నీ మర్చిపోండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే, మీకైనా, మీ రూమ్‌మేట్‌కైనా, రేపటి ఓపీ కోసం ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైనున్న నిపుణులకు కలుపుతారు, దగ్గర్లోని ఆస్పత్రికి పంపుతారు. ప్రమాదం కళ్లముందు కనిపిస్తుంటే 108, లేదా ఏ ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీ అయినా. మనిషిని ఒంటరిగా వదలొద్దు. పోలీసు కేసు అవుతుందేమో అని ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం ఇవ్వాలి అని 115వ సెక్షన్ చెబుతోంది.

ప్రమాదం లేకపోయినా 14416 మంచి మొదటి మెట్టే. దవాఖానాలో మొహం చూపించడానికి ఇంకా ధైర్యం రాకపోతే, డాబా మీదికి వెళ్లి, కాప్రా చెరువు గట్టున నడుస్తూ, ఎవరూ వినని చోటు నుంచి మాట్లాడండి. చెప్పడం ఒకసారి అలవాటైతే డాక్టర్ ముందు రెండోసారి తేలిక.

సోమవారం పొద్దున మీకు ఇంటర్వ్యూ లేకపోతే, దవాఖానాకు వెళ్లండి. జేబులో ఐదు లైన్ల కాగితం, నోట్లో మూడు వాక్యాలు. డాక్టర్ గ్యాస్ మాత్ర రాయబోతే మర్యాదగా ఇంకోసారి చెప్పండి. ఒక చోట కాదంటే ఇంకో చోటికి వెళ్లండి. ఉద్యోగం విషయంలో నలభై చోట్ల కాదన్నా మీరు నలభై ఒకటో చోట అప్లై చేశారు. ఆ ఓపిక మీకు ఉంది. ఈసారి దాన్ని మీ కోసం వాడుకోండి.